మనసుకు వంతులు వేయడం

నంద్యాలలో బ్యాంకు పరీక్షలకు చదివే పిల్లల నోట ఒక మాట తరచూ వినిపిస్తుంది: "సార్, నాలుగో క్లూ చదివేలోపల మొదటిది యాడికి పోతాదో తెలీదు." రీజనింగ్ పేపర్లో గుండ్రటి బల్ల చుట్టూ ఎనిమిదిమందిని కూర్చోబెట్టే ప్రశ్న ఉంటుంది కదా, దాని గురించి ఈ బాధ. వీళ్లు లెక్కలు బాగా చేసే పిల్లలే. ఇంగ్లీషూ ఫర్వాలేదు. కానీ ఎనిమిది పేర్లు, వాళ్ల మధ్య ఏడెనిమిది సంబంధాలు ఒక్కసారిగా మనసులో నిలబెట్టాల్సి వచ్చేసరికి చేతులెత్తేస్తారు. ఆపైన తమకు తెలివి తక్కువని తీర్మానించుకుంటారు. ఆ తీర్మానం తప్పని చూపించడానికే ఈ అధ్యాయం.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాటి మైదుకూరు మీదుగా వెళ్తే ప్రొద్దుటూరు వస్తుంది. ఎనిమిదిమందిని ఒక్క మనసులో నిలబెట్టే అవధాన విద్య ఆ ఊళ్లో తరాలుగా ఉంది. దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకటశేష శాస్త్రి అక్కడ జంటగా శతావధానాలు చేశారు. ఒకరు రాణాప్రతాపసింహ చరిత్ర రాసినవారు, మరొకరు శివభారతం రాసినవారు. వాళ్ల తరవాత సి.వి. సుబ్బన్న శతావధాని, నరాల రామారెడ్డి ఆ ఊరి పేరు నిలబెట్టారు. ఇది ఏవో కొన్ని ఇళ్లకే దక్కిన వరం అనుకునేవాళ్లు అనంతపురం జిల్లాకు చెందిన ఆశావాది ప్రకాశరావును గుర్తు చేసుకోవాలి. దళిత కుటుంబంలో పుట్టి, అవధానిగా పేరు తెచ్చుకుని, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. ఇది నేర్చుకుంటే వచ్చే విద్య. నేర్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది, ఆ పద్ధతి నుంచి మనం తీసుకోదగినది చాలా ఉంది.

అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు వేసేవాళ్లు, కూర్చుంటారు. ఒకరు సమస్య, అంటే ఒక పద్యపాదం, ఇచ్చి పూరించమంటారు. ఒకరు నాలుగు మాటలిచ్చి, అవి నాలుగు పాదాల్లో వచ్చేట్టు పద్యం చెప్పమంటారు, అది దత్తపది. ఒకరు వర్ణన అడుగుతారు. నిషిద్ధాక్షరి వారు అవధాని ఒక్కో అక్షరం చెప్పగానే తరవాతి అక్షరం ఇది ఉండకూడదని అడ్డుకట్ట వేస్తారు. మధ్యలో గంట మోగుతూ ఉంటుంది, ఎన్నిసార్లు మోగిందో లెక్క చెప్పాలి. ఇవి చాలవన్నట్టు అప్రస్తుత ప్రసంగి ఏ క్షణాన ఏ కొంటె ప్రశ్న వేస్తాడో తెలియదు, దానికి అప్పటికప్పుడు సభ నవ్వేలా జవాబు చెప్పాలి. పద్యాలు అడిగిన నలుగురికీ నాలుగేసి పాదాలంటే పదహారు పాదాలు. అన్నీ ఉత్పలమాలలే అనుకుంటే, పాదానికి 20 అక్షరాల చొప్పున 320 అక్షరాలు. చివర్లో ధారణ. కాగితం ముట్టకుండా అన్నిటినీ మొదటి నుంచి అప్పజెప్పాలి.

చూసేవాళ్లకు అవధాని ఎనిమిది పనులు ఒకేసారి చేస్తున్నట్టు ఉంటుంది. ఈ పొరపాటు చూపే మనల్ని దారి తప్పిస్తోంది. గంట లెక్క పక్కన పెడితే, అవధాని ఏ క్షణంలోనూ రెండు పనులు చేయడు. మొదటి ఆవృత్తిలో పద్యం అడిగిన ఒక్కో పృచ్ఛకుడి దగ్గర ఒక్కో పాదం చెబుతాడు. ఎనిమిదిమంది దగ్గరికీ వెళ్లి, తిరిగి మొదటివారి దగ్గరికి వచ్చి రెండో పాదం అందుకుంటాడు. నాలుగు ఆవృత్తులకు పద్యాలు పూర్తవుతాయి. ఒక పెద్ద చుట్టు, అందులో వంతులు, ఒక్కో వంతులో ఒకే పని. అతని ఒడుపంతా వంతుల ఏర్పాటులో, ఒక వంతు నుంచి మరో వంతుకు దాటే తీరులో ఉంది.

ఇప్పుడు మెదడు దగ్గరికి వద్దాం. 1924లో జర్మనీలోని యేనా నగరంలో హాన్స్ బెర్గర్ అనే మానసిక వైద్యుడు మనిషి మెదడులోని విద్యుత్తు కదలికను మొట్టమొదటిసారి గీతగా పట్టుకున్నాడు, 1929లో ప్రచురించాడు. మనిషి కళ్లు మూసుకుని ఊరికే కూర్చుంటే తల వెనకభాగం నుంచి సెకనుకు పదిసార్లు లేచి పడే అల ఒకటి కనిపించింది. కళ్లు తెరవగానే అది సన్నగిల్లింది. దానికి ఆల్ఫా అని పేరు పెట్టాడు. తరవాతి పరిశోధకులు మిగిలిన అలల్ని కూడా వేగాన్ని బట్టి విడదీశారు. సెకనుకు 4 లోపు ఉంటే డెల్టా, 4 నుంచి 8 దాకా థీటా, 8 నుంచి 13 దాకా ఆల్ఫా, 13 నుంచి 30 దాకా బీటా, ఆపైన గామా.

ఆల్ఫా అంటే ప్రశాంతత, గామా అంటే మేధస్సు అని ఒక్కో అలకు ఒక్కో గుణం అంటగట్టే పుస్తకాలు మన బస్టాండు కొట్లలో కూడా దొరుకుతాయి. వాటిని నమ్మకండి. మెలకువగా ఉన్న మెదడులో ఈ అలలన్నీ కలిసే ఉంటాయి. కష్టమైన పని ఎదురైనప్పుడు ఇవి ఒకదానితో ఒకటి ఎలా పొసగుతున్నాయన్నదే అసలు సంగతి.

మన సీమ పల్లెల్లో చెక్కభజన చూసినవాళ్లకు దీన్ని ఊహించుకోవడం సులువు. గురువు వేసే అడుగు నిదానంగా పడుతుంది. ఆ ఒక్క అడుగు లోపలే చేతి చెక్కలు టకటకమని ఎన్నోసార్లు మోగుతాయి. ఎప్పుడు మోగాలో, ఎప్పుడు ఆగాలో తేల్చేది అడుగే. మెదడులో థీటా అలాంటి అడుగు, గామా చెక్కల మోత. ఊరికే పక్కపక్కన నడవడం కాదు, థీటా అల ఏ దశలో ఉందన్నదాన్ని బట్టి గామా బలం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. 2006లో బర్కిలీ పరిశోధకులు మూర్ఛ శస్త్రచికిత్స కోసం మెదడు మీద ఎలక్ట్రోడ్లు అమర్చిన రోగుల్లో దీన్ని స్పష్టంగా చూపించారు.

అంతకు ముందే, 1995లో, అమెరికాలోని బ్రాండైస్ విశ్వవిద్యాలయంలో జాన్ లిస్మన్, మార్కో ఇడియార్ట్ ఒక చక్కటి ప్రతిపాదన చేశారు. మనం మనసులో పట్టుకుని ఉంచుకునే ఒక్కో అంశానికి ఒక్కో గామా అల దక్కుతుంది, ఆ గామా అలలన్నీ ఒక థీటా అలలో వరసగా ఒదుగుతాయి అన్నారు. లెక్క వేసి చూడండి. సెకనుకు 6 థీటా అలలుంటే ఒక్కోటి దాదాపు 167 మిల్లీసెకన్లు. సెకనుకు 40 గామా అలలుంటే ఒక్కోటి 25 మిల్లీసెకన్లు. ఒక థీటాలో ఆరేడు గామాలకే చోటు. మనిషి ఒకేసారి ఏడు అంశాలు, అటూ ఇటూ రెండు, గుర్తుంచుకోగలడని 1956లో జార్జ్ మిల్లర్ చెప్పిన అంకె ఇక్కడ సరిగ్గా పలుకుతుంది. తరవాత నెల్సన్ కోవన్ ఆ అంకెను నాలుగు దాకా దించాడు. లిస్మన్ సిద్ధాంతం మీద ఇంకా వాదోపవాదాలు నడుస్తూనే ఉన్నాయి. అయినా చోట్లు తక్కువన్న సంగతి మాత్రం గట్టిగా నిలబడింది, వంతుల వరస ఉందన్నది ఇంకా ప్రతిపాదనే.

అవధాని మెదడుకూ ఇవే హద్దులు. అతనికి థీటా వేరేగా లేదు. పాదానికి 20 అక్షరాలుంటే వాటిని 20 అంశాలుగా మోయడు, ఆ పని ఎవరి వల్లా కాదు. ఛందస్సు నడక అక్షరాలను కట్టలు కడుతుంది. ఉత్పలమాల అనుకోగానే గురువులు లఘువులు ఎక్కడ పడాలో తేలిపోతుంది. పదో అక్షరం దగ్గర యతి. మొదటి పాదంలో రెండో అక్షరం 'ల' అయితే నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం 'ల'కారమే. మిగతా ఏడుగురి దగ్గరికి వెళ్లి తిరిగి వచ్చినప్పుడు అతను వెతుక్కునేది మొత్తం పద్యాన్ని కాదు, వృత్తం ఏది, ప్రాస ఏది, భావం ఎక్కడిదాకా వచ్చింది అన్న మూడు కొక్కేలను. అవి చేతికందితే మిగతాదంతా వెంట వస్తుంది.

మీ పనికి కూడా అలాంటి కొక్కేలు కావాలి. గుండ్రటి బల్ల ప్రశ్ననే తీసుకుందాం. దేవికి, బాలుకి మధ్య ఒకరే కూర్చున్నారు. బాలుకి సరిగ్గా ఎదురుగా గీత. హుసేన్ గీత పక్కనే ఉన్నాడు గాని దేవి పక్కన లేడు. ఈ మూడు సూచనల్ని విడివిడిగా మోసుకుంటూ నాలుగోది చదవబోతే మొదటిది జారిపోతుంది, అది సహజం. అందుకే ఇక్కడ ఆగండి. ఎనిమిది కుర్చీల బల్లలో బాలుకి ఎదురు కుర్చీ అంటే నాలుగు స్థానాల అవతల. దేవి రెండు స్థానాల అవతల ఉంది కాబట్టి ఆమె బాలుకి, గీతకి సరిగ్గా నడుమ. గీతకు రెండు పక్కలున్నాయి, ఒక పక్క కుర్చీ దేవికీ పక్కే అవుతుంది కాబట్టి హుసేన్ రెండో పక్క. ఇప్పుడు వరస ఇది: బాలు, ఖాళీ, దేవి, ఖాళీ, గీత, హుసేన్. నలుగురు మనుషులు, మూడు సూచనలు కలిసి ఒక్క వరస అయ్యాయి. ఈ వరస ఎడమ వైపు తిరుగుతుందో కుడి వైపో తరవాతి సూచన తేలుస్తుంది. ఆ వరసను ఒక్కసారి పెదాలు కదిపి చదువుకోండి, పద్యపాదంలా. ఏడు చోట్లు తినేసే సంగతి ఒక్క చోట ఒదిగింది. మిగతావి కొత్త సూచనలకు ఖాళీ.

నేర్పేటప్పుడు చాలామంది ఇక్కడే తొందరపడతారు. సూచనలన్నీ చదివేయ్, ఆ తరవాత గీయ్ అంటారు. నా సలహా దానికి తలకిందులు. చదివిన సూచనలు కలిసి ఒక్కటయ్యేదాకా తరవాతిది చూడొద్దు. మొదట్లో నిదానంగా అనిపిస్తుంది, అనిపించనివ్వండి. 2010లో జర్మనీలోని బాన్ నగరంలో నికొలాయ్ ఆక్స్‌మాకర్ బృందం మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్‌లో ఎలక్ట్రోడ్లున్న రోగులను పరీక్షించింది. గుర్తుంచుకోవాల్సిన ముఖాల సంఖ్య పెరిగేకొద్దీ, వేగపు అలలకు తాళం వేసే థీటా మరింత నెమ్మదించింది. అల నెమ్మదిస్తే అందులో చోటు పెరుగుతుందన్నది దీనికి సహజమైన వివరణ. బరువు పెరిగినప్పుడు మెదడే తన అడుగు నిదానం చేసుకుంటుంటే, మనం గడియారం చూసి గాభరాపడి వేగం పెంచడం దానికి ఎదురీదడమే. పరీక్షలో వేగం అనేది కట్టలు కట్టే అలవాటు నుంచి వస్తుంది, పరుగు నుంచి రాదు.

ఇక వంతు నుంచి వంతుకు దాటడం. నా దృష్టిలో ఈ అధ్యాయమంతటికీ ఇదే కీలకం. కర్నూలులో ఒక చిన్న కొట్టు నడుపుకునే మనిషిని తలచుకోండి. జీఎస్టీ లెక్క చూస్తుంటాడు, ఫోను మోగుతుంది, సరుకు దింపే ఆటో వస్తుంది, ఇంటి దగ్గర్నుంచి పిల్లాడి ఫీజు సంగతి. సాయంత్రానికి జీఎస్టీ పని సగంలోనే ఉంటుంది. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో దీన్ని పరిశీలించింది. ఒక పనిని సగంలో వదిలి మరో పనికి వెళ్తే మనసులో కొంత పాతపని దగ్గరే చిక్కుకుపోతుంది, కొత్తపని దెబ్బతింటుంది. 2018లో థెరీసా గ్లాంబ్‌తో కలిసి ఆమె మందు కూడా చూపించింది. వదిలి వెళ్లే ముందు ఎక్కడ ఆగాను, తిరిగొచ్చాక మొదట ఏం చేయాలి అన్నది క్లుప్తంగా రాసుకుంటే ఆ చిక్కు చాలావరకు విడిపోతుంది.

అవధాని చేసేది కూడా అదే. పాదం మధ్యలో వదిలి వెళ్లడు. పాదం ముగించి, ఒకసారి బయటికి చదివి, అప్పుడు పక్కవారి వైపు తిరుగుతాడు. అలా చదవడం సభ కోసమే అనిపిస్తుంది గాని, తనకు తాను కొక్కెం తగిలించుకోవడం కూడా. అప్రస్తుత ప్రసంగి అడ్డుపడినా జవాబు చెప్పి వదిలేస్తాడు, దాని చుట్టూ తిరగడు. కొట్టు మనిషి అయినా, కడప బ్రౌన్ గ్రంథాలయంలో కూర్చుని గ్రూప్ పరీక్షకు చదివే అభ్యర్థి అయినా చేయాల్సింది ఇంతే. ఫోను తీసే ముందు పుస్తకం పక్కన నాలుగు మాటలు రాయండి. 'మార్చి బిల్లులు అయినాయి, ఏప్రిల్ మొదటి బిల్లు నుంచి' అని. లేదా 'తుంగభద్ర బోర్డు దాకా, తరవాత శ్రీశైలం నీటి వాటా' అని. 'తరవాత చూడాలి' అని రాస్తే కొక్కెం కాదు. తరవాతి అడుగు పేరు పెట్టి రాయాలి.

కళ్లు మూసుకోవడం గురించి క్లుప్తంగా. అవధానులు పూరణ ఆలోచిస్తూ కళ్లు మూసుకోవడం, పైకప్పు వైపు చూడటం మామూలే. ఆల్ఫా అంటే తీరికగా ఉండటమని మొదట్లో అనుకున్నారు గాని, 2002లో ఓలె యెన్సెన్, లిస్మన్ తదితరులు చూపించినదాని ప్రకారం, మనసులో పట్టుకున్న అక్షరాల సంఖ్య పెరిగేకొద్దీ తల వెనకభాగంలో ఆల్ఫా పెరుగుతుంది. అక్కరలేని చూపులు, చప్పుళ్లు లోపలికి రాకుండా మెదడు తలుపు వేసుకోవడంగా దీన్ని ఇప్పుడు ఎక్కువమంది అర్థం చేసుకుంటున్నారు. చదివింది తలచుకోవాల్సినప్పుడు పుస్తకం మీంచి కళ్లు తీసేయండి, మూసుకున్నా మంచిదే. ఎదురుగా వాళ్లేమనుకుంటారోనని మొహమాటపడకండి.

ఇక సాధన. పిల్లలకు జ్ఞాపకశక్తి పెంచుతామని, మిడ్ బ్రెయిన్ యాక్టివేషన్ అని, కళ్లకు గంతలు కట్టి చదివించి చూపించి వేలకు వేలు వసూలు చేసే శిబిరాలు మన ఊళ్లకూ వచ్చాయి. చెవుల్లో సంగీతం పెడితే గామా పుడుతుందని చెప్పే యాప్‌లూ ఉన్నాయి. అప్పు చేసి మరీ పిల్లల్ని పంపిన తల్లిదండ్రులను చూసి బాధపడ్డాను. ముక్కు పక్కనున్న సందులోంచి చూసి చదవడం మెదడు విద్య కాదు. జ్ఞాపకశక్తి అని ఒక కండ ఉండి, దాన్ని పెంచితే అన్నిటికీ పనికొస్తుందన్న ఊహే తప్పు. 1980లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆండర్స్ ఎరిక్సన్, విలియం చేజ్ ఒక మామూలు విద్యార్థికి అంకెలు గుర్తుపెట్టుకోవడం సాధన చేయించారు. ఏడు అంకెలతో మొదలైనవాడు 230 గంటలకు పైగా సాధన చేసి 79 అంకెలు అప్పజెప్పాడు. పరుగు పందేలంటే ఇష్టం కాబట్టి అంకెల్ని పరుగు సమయాలుగా కట్టలు కట్టుకున్నాడు. మరి అంకెల బదులు అక్షరాలు ఇస్తే? మళ్లీ ఆరు దగ్గరికే వచ్చాడు. అతని మెదడులో చోట్లు పెరగలేదు, అంకెలకు కట్టలు కట్టడం వచ్చింది.

కాబట్టి మీకు ఏ పనిలో పట్టు కావాలో ఆ పనిలోనే సాధన చేయండి. సీటింగ్ ప్రశ్నలు రావాలంటే చెస్ ఆడితే రావు. మొదటి వారం మూడు సూచనల ప్రశ్నలు, కాగితం లేకుండా. వరస నోటితో చెప్పగలిగాక నాలుగు, ఐదు. ఆ తరవాత మధ్యలో ఒకరిని కావాలని పలకరించమనండి. జవాబు చెప్పి, వదిలిన చోటు నుంచి అందుకోండి. అవధానం నేర్చుకునేవాళ్లూ ఒక సమస్యాపూరణతో మొదలుపెట్టి పృచ్ఛకులను ఒక్కొక్కరినీ పెంచుకుంటూ పోతారు.

చివరగా నిద్ర. దీన్ని చాలా పుస్తకాలు ఒక వాక్యంలో తేలుస్తాయి, మన ప్రాంతంలో మాత్రం ఆగి మాట్లాడాల్సిన సంగతి. గాఢనిద్రలో సెకనుకు ఒకటికన్నా తక్కువ వేగంతో నడిచే పెద్ద నిదానపు అలలుంటాయి. వాటి మీద సెకనుకు 12 నుంచి 15 దాకా ఉండే స్పిండిల్స్, ఆ స్పిండిల్స్ లోపల హిప్పోకాంపస్‌లో పుట్టే అతివేగపు రిపుల్స్ ఒదుగుతాయి. అల లోపల అల, దాని లోపల అల. ఇవి సమయానికి కుదిరినప్పుడే పగలు చదివింది గట్టిపడుతుందని గత ఇరవై ఏళ్ల పరిశోధనలు బలంగా సూచిస్తున్నాయి. పగలు ఎంత చక్కగా కట్టలు కట్టినా ఈ రాత్రి పని జరగకపోతే అవి సడలిపోతాయి.

మే నెలలో కర్నూలులో పగలు 42, 43 డిగ్రీలు, రేకుల గదిలో అర్ధరాత్రి దాకా సెగ తగ్గదు. హాస్టలు పిల్లలు ఆ ఉక్కలో నిద్ర పట్టక, ఎలాగూ మేలుకునే ఉన్నాం కదా అని రెండు దాకా చదువుతారు, ఆరింటికి కోచింగ్‌కు పరుగెత్తుతారు. ఆ చదువులో మిగిలేది బహు తక్కువ. ఎండాకాలం మూడు నెలలు టైంటేబుల్ మార్చుకోండి. మిద్దె మీద నీళ్లు చల్లి, దోమతెర కట్టుకుని, పదింటికల్లా పడుకోండి. నాలుగున్నరకు లేచి చల్లటి పొద్దులో సీటింగ్, పజిల్స్ లాంటి బరువైన పని పెట్టుకోండి. ఎండ ముదిరాక కరెంట్ అఫైర్స్, ఇంగ్లీషు చదవడం లాంటి తేలికపాటి పని చాలు. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఇరవై నిమిషాలు కునుకు తీస్తే తప్పు లేదు. పరీక్ష ముందురోజు రాత్రి కొత్త పాఠం ముట్టకండి, ఆ నెలలో కట్టిన వరసలను ఒక్కసారి నోటితో చెప్పుకుని పడుకోండి.